ఫొటోలో నేనెక్కడ?

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో సందడి మొదలవుతుంది. ఈసారి మా తోడికోడలి కొడుకు ఒక జాబితా పంపాడు. వాడికి ఫొటోల పిచ్చి. నాకూ ఉందని వాడికి తెలుసు. "పిన్నీ, కొత్త సంవత్సరానికి ఈ లక్ష్యాలు పెట్టుకో" అని రాశాడు. రోజుకో ఫొటో చొప్పున 365. లేదంటే వారానికో అంశం చొప్పున 52. నెలకోసారి సూర్యోదయం. కొత్త లెన్సు ఒకటి. ఏడాది చివర గండికోటలో గుడారం వేసుకుని పడుకుని, తెల్లవారుజామున లోయ ఫొటో.

జాబితా మంచిదే. కానీ చదివేకొద్దీ నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు. ఫొటో తీసే మనిషికి తెల్లవారుజాము ఖాళీగా ఉంటుందని, ఎటు పోతున్నావని అడిగేవాళ్లు ఉండరని అనుకుని రాసిన జాబితా అది. అందులో నేను లేను. మీరూ లేరు.

"గోల్డెన్ అవర్" అంటారు, వినే ఉంటారు. పొద్దు పొడిచాక కాసేపు, పొద్దు గుంకే ముందు కాసేపు. ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతుంది. పెన్నా నది కోసిన ఆ ఎర్రరాతి లోయ ఆ వెలుతురులో ఎంత బాగుంటుందో నేను కాదనను. కానీ ప్రొద్దుటూరులో ఆ వేళకు నేనెక్కడుంటాను? ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద ఉగ్గానికి తాలింపు. బొరుగులు నానేసి పిండాలి. చిన్నోడికి సాక్సు ఒకటి దొరకదు. సాయంత్రం ఆ వేళకు ఆరేసిన బట్టలు తీయడం, దీపం పెట్టడం, రాత్రికి సంగటి. బంగారానికి పేరుమోసిన ఊళ్లో కాపురముంటున్నా, ఆ బంగారు గంట మాత్రం మన చేతికి రాదు.

అందుకే ఆ జాబితా పక్కన పెట్టి నా ఫోను ముందేసుకుని కూర్చున్నాను. పదకొండు వేల ఫొటోలున్నాయి. దసరాకు అమ్మవారిశాలలో అమ్మవారి అలంకారాలు, పిల్లల పుట్టినరోజులు, బంధువుల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, మా ఆయన కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించింది కూడా ఉంది. నేనున్నవి వెతికితే ముప్పై ఒకటి తేలాయి. సగం సెల్ఫీలు. మిగిలినవాటిలో ఫొటో అంచున సగం తెగి, చేతిలో గిన్నెతో ఉన్నాను. ఇంటి చరిత్రంతా తీసి పెట్టేది నేనే. అందులో కనబడనిదీ నేనే.

ఇది నా ఒక్కదాని గోడు అయితే రాసేదాన్ని కాదు.

మా పుట్టిల్లు పులివెందుల దగ్గర ఒక పల్లె. అరటి తోటలు, చీనీ తోటలు. అమ్మ పోయి రెండేళ్లయింది. పోయిన మూడో రోజు మా అన్న అడిగాడు, "అమ్మ ఫొటో మంచిది ఒకటి చూడుమ్మీ, పటం కట్టించాల." ఫోను నా చేతిలోనే ఉంది. అమ్మ ఒక్కతే సరిగ్గా కనబడే ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఆధార్ కార్డులో ఉంది, కానీ అది చూస్తే కన్నబిడ్డలు కూడా అమ్మని గుర్తుపట్టరు. చివరికి మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో దిగిన గుంపు ఫొటో దొరికింది. స్టూడియో అబ్బాయి అందులోంచి అమ్మను కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, భుజం మీదున్న ఎవరిదో చెయ్యి తుడిపేసి ఇచ్చాడు.

ఆ చెయ్యి నాది.

పటం మా అన్న ఇంట్లో గోడకుంది. ఎప్పుడు పోయినా నా చూపు ముందు ఆ భుజం మీదికే పోతుంది.

తప్పెవరిది? ఫోను ఎత్తితే చాలు అమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది. ఒక శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయాం. దర్శనం అయ్యాక పాపఘ్ని ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని అమ్మ అందరికీ సద్ది సర్దుతోంది. ఫోను ఎత్తాను. "నా మొగమేం తీస్తావులేమ్మీ, పిల్లోళ్లను తీయి" అంది. పిల్లల వైపు తిప్పాను. ఆరోజువి పిల్లల ఫొటోలు నలభై ఉన్నాయి. అమ్మ మాట విన్నానని చాలా రోజులు సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. అమ్మ ఎట్లాగూ ఉంటుంది, అమ్మకు ఫొటో ఎందుకు అని నాకూ ఎక్కడో ఉంది. ఆమె తనను తాను తక్కువ చేసుకుంది. నేను సరేనన్నాను.

ఇంకొకామె సంగతి చెప్తాను. మా ఆడబిడ్డ జమ్మలమడుగులో ఉంటుంది. వాళ్ల పక్కింట్లో అద్దెకున్నామెది తాళ్లప్రొద్దుటూరు. గండికోట జలాశయంలో నీళ్లు నిలపడంతో 2020లో ఖాళీ చేయాల్సి వచ్చిన ఊరది. మీ ఇంటి ఫొటోలున్నాయా అక్కా అని అడిగితే కూతురి వోణీల ఫంక్షన్ ఆల్బం తెచ్చింది. ఏ పేజీ చూసినా అందరూ పూల తెర ముందు నిలబడి ఉన్నారు. ఇల్లు తెర వెనకాల ఉంది. ఒక్క ఫొటోలో మాత్రం తెర కాస్త పక్కకు తొలగి, వంటింటి గడప, దాని పక్కన రోలు కనబడుతున్నాయి. ఆమె కూతురి మొహం మీద కాదు, ఆ మూల మీద వేలు పెట్టింది. "ఇదో, ఈడ కూచునేదాన్ని" అంది.

అదే గండికోట లోయను ఎంతమంది తీశారో, ఇంకా ఎంతమంది తీస్తారో లెక్కలేదు. లోయ ఎక్కడికీ పోదు. పోయేవి వంటిళ్లు, వాటిలో కూర్చున్న మనుషులు. వాటిని తీయగలిగింది అక్కడే ఉండే మనం. లక్ష్యం అంటూ పెట్టుకుంటే అది కాదా లక్ష్యం?

"ఇంటి పనుల మధ్య ఆడవాళ్లకు ఈ ఫొటోల గోలేంది" అనేవాళ్లకు ఒక మాట. జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒకామె 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. ఇంగ్లండులో ఇంటినిండా పిల్లలతో సంసారం. 1863లో, ఆమెకు 48 ఏళ్లప్పుడు, కూతురూ అల్లుడూ కెమెరా కొనిచ్చారు. బొగ్గుల కొట్టును డార్క్‌రూమ్ చేసుకుంది. కోళ్ల షెడ్డును స్టూడియో చేసుకుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయిని కూర్చోబెట్టి ఫొటోలు తీసింది. మసకగా ఉన్నాయని అప్పటి పెద్దమనుషులు వెక్కిరించారు. ఈరోజు ఆమె ఫొటోలు మ్యూజియాల్లో ఉన్నాయి. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమై వ్యారావాలా ఫొటోలు మొదట్లో ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. పద్మవిభూషణ్ వచ్చేసరికి 2011 అయింది, ఆమెకు 97 ఏళ్లు. తీసిన చెయ్యి ఒకరిది, పేరు మరొకరిది. మన ఇళ్లలో జరిగేది దానికన్నా ఘోరం. తీసిన చేతికి పేరూ ఉండదు, మొహమూ ఉండదు.

ఇంకో మాట కూడా అంటారు, ఆడవాళ్ల ఫొటోలు ఎవరి చేతుల్లో పడతాయోనని. ఆ భయం ఉత్తది కాదు, నాకూ ఉంది. కానీ తీయడం వేరు, ఊరందరికీ చూపించడం వేరు. స్టేటస్ పెట్టమని నేను అనడం లేదు. ఇంట్లో ఆల్బంలో ఉండమంటున్నాను. భయం పేరు చెప్పి మనల్ని మనమే ఇంటి ఆల్బంలోంచి కూడా చెరిపేసుకుంటున్నాం.

కాబట్టి ఆ 365ల జాబితా వాడికే వదిలేసి నాది నేను రాసుకున్నాను. వంటింటి క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కనే.

ఒకటి, నెలకో ఫొటోలో నేనుండాలి. సెల్ఫీ కాదు. ఇంట్లో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని, నన్ను చూసి తీయాలి. ఆ నిమిషమైనా నన్ను చూస్తారు. "నేను బాగలేను" అనకూడదు, చెరిపేయకూడదు.

రెండు, పండగ ఫొటోలు చాలు, పని ఫొటోలు తీయాలి. మా అత్తమ్మ సంగటి కెలుకుతుంటే, ఓళిగ చేత్తో తడుతుంటే. దీనికి గోల్డెన్ అవర్ అక్కర్లేదు. ట్యూబులైటు ఆపి కిటికీ పక్కన నిలబడితే చాలు, పదింటి వెలుతురు కూడా మెత్తగా పడుతుంది. తీసే ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవాలి. మన ఫోన్ల మీద నూనె చేతుల మరకే సగం మసక.

మూడు, ఇల్లు తీయాలి. గడప, రోలు, పోపుల డబ్బా, పిల్లల ఎత్తు గీతలు గీసిన గోడ. రేపు రంగులేస్తారు, ఎల్లుండి పడగొట్టి కడతారు.

నాలుగు, ఏడాదికి ఇరవై నాలుగు ఫొటోలు కాగితం మీద వేయించాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిక్కిపోతుంది, పెద్దది చేయిస్తే మసకబారుతుంది. స్టూడియోకు డాక్యుమెంటుగా పంపాలి. వెనకాల బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే ముందువైపు గీత పడుతుంది. అందుకే పేరు, ఊరు, తేదీ చిన్న కాగితం మీద రాసి ఆల్బంలో ఫొటో పక్కన పెట్టాలి. "ఈమె ఎవరు?" అని మనవరాలు అడిగితే చెప్పడానికి మనం ఉండకపోవచ్చు.

ఐదు, వద్దన్నవాళ్లను బలవంతంగా తీయకూడదు. కానీ ఆ "వద్దు" నిజంగా ఇష్టం లేకనా, తన మొహానికి అంత విలువ లేదనుకునా? పక్కన కూర్చుని అడగాలి. అమ్మను నేను అడగలేదు.

మొన్న మా అత్తమ్మను అడిగాను. "నన్నెందుకులే" అనే అంది. "మీరు లేకుంటే ఈ ఇంటి ఫొటో ఎట్లయితాది అత్తమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్లి ముడి సరిచేసుకుని వచ్చి, చాట ముందేసుకుని కూర్చుంది. ఫోను మా చిన్నోడి చేతికిచ్చి నేనూ పక్కన కూర్చుని అత్తమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఫొటో వంకరగా వచ్చింది. ఒక మూల గ్యాసు సిలిండరు పడింది. నా జుట్టు రేగిపోయి ఉంది.

చెరపలేదు. ఈ ఏడాది ఆల్బంలో మొదటి పేజీ అదే.

మీ ఫోను తీసి ఒకసారి లెక్క చూసుకోండి. మీరెన్నిట్లో ఉన్నారు? మీ అమ్మ ఎన్నిట్లో ఉంది?