వీఆర్ కళ్లద్దాల్లో ఎదురుగా కనిపించే ఆ మనిషి ఎవరు? అడల్ట్ వీడియోల వెనుక అసలు కథ ఇదీ!

వీడియో అంటే ఇన్నాళ్లూ చేతిలోని ఫోన్ తెర. ఇప్పుడు ఆ తెర కళ్ల మీదకే వచ్చేసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాల్లోనూ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వీఆర్ హెడ్‌సెట్ ఇంటికొచ్చేస్తుంది. 2023 ఐపీఎల్ టైమ్‌లో వచ్చిన ‘జియోడైవ్’ ధర అప్పట్లో 1,299 రూపాయలే. అయితే క్రికెట్ పేరుతో వచ్చిన పరికరం క్రికెట్‌తోనే ఆగదు కదా! విదేశీ అడల్ట్ కంపెనీలు 2015 నాటికే వీఆర్ షూటింగ్‌లు మొదలుపెట్టేశాయి.

అసలేంటీ ‘పక్కనే ఉన్న’ ఫీలింగ్?

మనిషి రెండు కళ్ల మధ్య దూరం సగటున 6.3 సెంటీమీటర్లు. దాదాపు అంతే ఎడంతో రెండు లెన్సులు పెట్టి, 180 డిగ్రీల్లో షూట్ చేస్తారు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ వెళ్తుంది. మెదడు ఆ రెండింటినీ కలిపి లోతుగా చూస్తుంది. తల తిప్పితే దృశ్యమూ తిరుగుతుంది. దీన్నే ఇమ్మర్షన్ అంటారు.

కానీ లెన్సులతోనే పని అయిపోదు. కెమెరా ఊగితే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. అందుకే దాన్ని కదలకుండా ఉంచి, కట్ లేకుండా ఎక్కువసేపు తీస్తారు. నటించేవాళ్లు మనిషిని కాదు, లెన్సులనే చూస్తూ మాట్లాడాలి. మరీ దగ్గరికొస్తే బొమ్మ రెండుగా చీలుతుంది. అంటే మన కళ్లలోకి చూస్తున్నట్టు అనిపించే ఆ చూపు ప్రేమ కాదు, డ్యూటీ. దాన్ని నిజమైన బంధం అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ముఖం దొంగిలిస్తే?

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. షూటింగ్‌కు ఒప్పుకున్న నటికి కనీసం కెమెరా ముందున్నానని తెలుసు. ఏఐతో ముఖం మార్చేస్తే, ఆ ముఖం ఎవరిదో వాళ్లని అడిగేవాళ్లే లేరు.

2023 నవంబర్‌లో రష్మిక మందన్న డీప్‌ఫేక్ గుర్తుందా? ఓ బ్రిటిష్ ఇండియన్ యువతి లిఫ్ట్ వీడియోకి రష్మిక ముఖం అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్ట్ చేసింది గుంటూరు యువకుడిని! ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు. అది వీఆర్ కాదు, అడల్ట్ వీడియో కూడా కాదు. అయినా దేశమంతా ఉలిక్కిపడింది.

రష్మిక కోసం దేశం మాట్లాడింది. మరి కోదాడలో కాలేజీకెళ్లే అమ్మాయి ఇన్‌స్టా ఫొటోతో ఎవడైనా అలా చేస్తే? చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. వీడియో ఫేక్ అని తేలేలోపే చదువు, పెళ్లి సంబంధం, ఇంటి పరువు అన్నీ రోడ్డున పడతాయి. పైగా కళ్లెదుటే ఉన్నట్టు చూసినదాన్ని అబద్ధమని నమ్మడం మరీ కష్టం.

చట్టం ఏం చెబుతోంది?

పెద్దవాళ్లు ఇంట్లో ఒంటరిగా చూడటాన్ని మన చట్టాలు నేరుగా నేరం అనడం లేదు. పోస్ట్ చేసినా, పంపినా మాత్రం కేసే. ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఇక పిల్లలతో తీసిన వీడియోల విషయంలో చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

బాధితులు ఏం చేయాలి?

* భయంతో డిలీట్ చేయొద్దు. లింక్, స్క్రీన్‌షాట్, అకౌంట్ పేరు దాచుకోండి.
* సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి, షీ టీమ్స్‌కీ చెప్పొచ్చు.
* సోషల్ మీడియా కంపెనీకీ రిపోర్ట్ కొట్టండి. మార్ఫింగ్ చేసిన అసభ్య చిత్రాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే వేగంగా చర్య తీసుకోవాలని 2021 ఐటీ రూల్స్‌లోనే ఉంది.
* డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు.

మరి చూసేవాళ్ల సంగతి? హెడ్‌సెట్ తీసేస్తే గదిలో మిగిలేది మనమొక్కరమే. కానీ ఆ ముఖం మాత్రం ఎక్కడో ఒకరిది. ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. ఈ వీడియోకి ఆ మనిషి ఒప్పుకుందా? జవాబు తెలియకపోతే ఆ వీడియో మీ ఫోన్ దాటి వెళ్లకూడదు.