నాపలూ నాపరాళ్ళూ ఒకటి కావు



సాంఘిక శాస్త్రం పరీక్షలో మనలో చాలామందిమి ఒకే తప్పు రాశాము. ‘దక్కను నాపలు ఎట్లా ఏర్పడినవి?’ అని అడిగితే, నీటి అడుగున మట్టి పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడినవని రాసి వచ్చాము. ఇది తెలివి తక్కువై రాసింది కాదు. మనకు తెలిసిన నాపరాయి తాండూరు బండ. హాస్టల్లో దాని మీదనే కూర్చుని తింటున్నాము, దాని మీదనే చాప పరుచుకుని పడుకుంటున్నాము. ప్రశ్నలో ‘నాపలు’ అని కనబడగానే ఆ బండే అనుకున్నాము. మార్కులు పోయాయి.

పేరు ఒకటైనా పుట్టుక వేరు. దక్కను నాపలు అంటే బసాల్టు రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట భూమి పగుళ్ళలో నుంచి లావా పొంగి, పరుపులు పరుపులుగా పరుచుకుని గట్టిపడింది. ఇది అగ్నిశిల. తాండూరు బండ సున్నపురాయి. పురాతన సముద్రం అడుగున సున్నపు బురద పొరలుగా పేరుకుని, పై బరువుకు అణగి రాయి అయింది. ఇది అవక్షేప శిల.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా చేస్తాము. అగ్నిశిలలను ప్రాథమిక శిలలంటారు కాబట్టి అవే ఎప్పుడూ పాతవి అనుకుంటాము. తాండూరు వైపు లెక్క తలకిందులు. అక్కడి సున్నపురాయి వయస్సు 50 కోట్ల ఏళ్ళకు పైనే. దాని మీదికి లావా వచ్చింది చాలా కాలం తరువాత. పాతది కింద, కొత్తది పైన.

ఈ రెండింటిని గుర్తుపట్టడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. భోజనాల గదిలో నిమ్మరసం పడిన చోట బండ నున్నదనం పోయి మచ్చ పడుతుంది, చూడండి. పులుపు సున్నపురాయిని తింటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. బసాల్టు మీద వేస్తే అట్లా పొంగదు. బసాల్టు నల్లగా, బరువుగా ఉంటుంది. కొన్నిట్లో చిన్న చిన్న బొక్కలు కనిపిస్తాయి. అవి లావాలోని వాయువు బుడగలు మిగిల్చిన గుర్తులు.

మన సాతంరాయి పేరులోనే రాయి ఉంది గాని, చుట్టుపక్కల గుండ్లు ఈ రెండూ కావు. అవి గ్రానైటు. గ్రానైటూ అగ్నిశిలే, కాని భూమి లోపల నిదానంగా చల్లారింది. అందుకే దాని పలుకులు కంటికి కనిపిస్తాయి. బసాల్టు భూమి పైన తొందరగా చల్లారింది కాబట్టి పలుకులు కనిపించవు. బసాల్టును చూడాలంటే చేవెళ్ల దాటి వికారాబాదు వైపు పోవాలి. అనంతగిరి గుట్టల మీది ఎర్ర రాయి కూడా బసాల్టు వానకూ ఎండకూ మారి, అందులోని ఇనుము తుప్పు పట్టగా అయినదే.

రెండింటిలో ఏది గొప్పది అని మాలో మాకు వాదన వచ్చింది. గట్టిది గొప్పదని కొందరన్నారు. మా అభిప్రాయం అది కాదు. నిప్పులో పుట్టిన బసాల్టు నీటికి నాని, అరిగి నల్లరేగడి అవుతుంది. ఆ నేల తేమను పట్టి ఉంచుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది నల్లరేగడిలోనే. నీటిలో పుట్టిన సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల మంటలో మట్టితో కలిపి కాలిస్తే సిమెంటుకు ముడిసరుకు అవుతుంది. ఒకటి అన్నం పెడుతుంది, ఒకటి ఇల్లు కడుతుంది. ఎక్కువ తక్కువలు ఎట్లా చెప్పగలం?

అసలు మేము చెప్పదలచుకున్నది ఇది. మనలో కొందరి అమ్మానాన్నలు రాళ్ళ పనికి పోయేవాళ్ళే. ఉలి ఎక్కడ పెడితే బండ పగలకుండా పొరగా లేస్తుందో వాళ్ళకు తెలుసు. నల్లరాయి అట్లా లేవదనీ తెలుసు. దానినే మన పుస్తకం ‘స్తరిత శిల’, ‘అస్తరిత శిల’ అని రెండు గడుల పట్టికలో రాసింది. ఆ పట్టిక బట్టీ పట్టడానికి మనం రాత్రంతా మేలుకుంటాము. మీ నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాత్రం తల వంచుకుని ‘కూలి’ అని మెల్లగా అంటాము. ఇది సరైంది కాదు. ఆ చేతులకు తెలిసినది కూడా చదువే.

అందుకే ఒక పని చేద్దాము. వచ్చే వార్షికోత్సవం నాటికి మన చదువుల గదిలో ఒక రాళ్ళ పెట్టె పెడదాము. సెలవులకు పోయిన ప్రతి ఒక్కరం ఊరి నుంచి పిడికెడు రాయి తెచ్చి, పక్కన చీటీ పెట్టాలి: ఎక్కడ దొరికింది, ఊరిలో దానిని ఏమంటారు, దేనికి వాడతారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితేనే ఆ చీటీ నిండుతుంది. పూర్వ విద్యార్థులైన అన్నలు ఏ ఊరిలో ఉద్యోగం చేస్తున్నా ఒక్క రాయి పంపితే చాలు. విహారయాత్రకు ఒక ఏడాది అనంతగిరి, తాండూరు తీసుకుపొమ్మని వార్డెన్ సారును అడుగుదాము.

అప్పుడు పరీక్షలో ‘నాపలు’ అని వచ్చినా మన తమ్ముళ్ళు తికమక పడరు. నాన్న పని ఏమిటని అడిగితే తలెత్తి చెప్తారు.