మాయ ఒకటా, రెండా?

కవల పిల్లలు పుట్టారనగానే మన ఇళ్ళలో మొదట వినిపించే ప్రశ్న, "ఇద్దరూ ఒకేలా ఉన్నారా?" అని. ఉంటే ముచ్చటే. ఒకరు బొద్దుగా, ఒకరు పిట్టపిల్లలా ఉన్నారో, మాటల ధోరణి మారిపోతుంది. "పెద్దది కడుపులోనే దీని వాటా కూడా తినేసిందమ్మా" అంటుంది ఒకావిడ. "తల్లి సరిగ్గా తింటేగా!" అంటుంది ఇంకొకావిడ. ఈ రెండో మాట బాలింత చెవిన పడనే పడుతుంది.

ఈ మధ్య మా బంధువుల ఇంట అట్లాగే జరిగింది. ఇద్దరూ ఆడపిల్లలు. ఒకతె రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, ఇంకొకతె కిలో ఎనిమిది వందలు. చూడవచ్చిన వారంతా తల్లి తిండి మీద విచారణ మొదలుపెట్టారు. జంట అరటిపండు తిన్నదేమోనని ఒక పెద్దావిడ అనుమానం! పండు మాటకు నవ్వుకోవచ్చు గాని, విచారణ మాత్రం అన్యాయం. తల్లి తిన్నది ఇద్దరికీ ఒక్క నెత్తురులోనుంచే అందుతుంది. ఒకరికి పెట్టి ఒకరికి మానడం ఆమె చేతిలో లేదు. పంపకం చేసేది మాయ.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కనుక ఈ మాట దగ్గర కొంచెం ఆగుతాను. వేదాంతులకు మాయ అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపేది. మంత్రసానులకు బిడ్డ వెనక పడేది. కవలల విషయంలో ఈ రెండవ మాయ చేసే పనులు మొదటిదానికి ఏమీ తీసిపోవు.

వేరువేరు అండాలనుంచి వచ్చిన కవలలకు చెరొక మాయ ఉంటుంది. ఒకే అండం రెండుగా చీలి వచ్చినవారి సంగతి వేరు. మొదటి మూడు రోజులలో చీలితే వారికీ చెరొకటి. ఆ తరువాత చీలితే ఇద్దరికీ కలిపి ఒక్కటే. ఇట్లా చీలి వచ్చిన జంటలలో సుమారు నూటికి డెబ్బై ఉమ్మడి మాయవే.

ఉమ్మడి ఆస్తి పంపకాలు ఎట్లా ఉంటాయో మీకు చెప్పాలా? ఒకరి బొడ్డుతాడు మాయ నడిమధ్య కుదురుకుంటే, రెండవవారిది అంచున అంటుకుంటుంది. మంచి వాటా దొరికిన బిడ్డ పెరుగుతుంది, రెండవది వెనకబడుతుంది. పైగా ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి ఉంటాయి. ఉమ్మడి మాయ గర్భాలలో నూటికి పది పదిహేనింట ఒక బిడ్డ నెత్తురు రెండవ బిడ్డకు మితిమీరి పారుతుంది. ఇచ్చిన బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది. పుచ్చుకున్న బిడ్డ గుండె మీద భారం పడుతుంది. కనుక బొద్దుగా ఉన్నది దొంగా కాదు, అదృష్టవంతురాలూ కాదు. సకాలంలో కనిపెడితే ఆ నాళాలను లేజరుతో మూసివేసే చికిత్స ఉంది. మన దేశంలోనూ కొన్ని పెద్ద నగరాలలో చేస్తున్నారు.

చెరొక మాయ ఉన్నప్పుడూ తేడా రావచ్చు. కాని అక్కడ ఒకరి ప్రమాదం రెండవవారికి అంతగా అంటదు.

సకాలం అన్నాను గదా, అది 11 నుంచి 14 వారాల మధ్య. అప్పటి స్కానింగులో మాయ ఒకటో రెండో స్పష్టంగా తెలుస్తుంది. ఆలస్యమైన కొద్దీ పోల్చుకోవడం కష్టం. మన వాళ్ళు ఆ గదిలో నోరు విప్పి అడగాలనుకునేది ఆడా మగా అని! అది అడగడమూ, చెప్పడమూ రెండూ 1994 నాటి చట్టం ప్రకారం నేరాలే. అడగవలసిన ప్రశ్న మాయ ఒకటా, రెండా అని. జవాబు కాగితం మీద రాయించుకోండి. ఒకటే అయితే 16వ వారంనుంచి రెండు వారాలకొకసారి స్కానింగు కావాలి. రెండైతే మామూలుగా నెలకొకసారి చాలు.

తేడా లెక్కకట్టడం సులువే. పెద్ద బిడ్డ బరువులోనుంచి చిన్న బిడ్డ బరువు తీసివేసి, మిగిలినదాన్ని పెద్ద బిడ్డ బరువుతో భాగించాలి. పైన చెప్పిన పిల్లలకు 600ను 2,400తో భాగిస్తే నూటికి 25. కడుపులో ఉండగా తేడా 20 దాటితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. 25కు చేరితే నిపుణులకు చూపవలసిందే.

పుట్టిన తరువాత చిన్న బిడ్డకు ముందుగా వచ్చే చిక్కులు రెండు: ఒంట్లో కొవ్వు లేక చల్లబడిపోవడం, నిల్వ లేక నెత్తురులో చక్కెర పడిపోవడం. మడమ దగ్గర సూదితో గుచ్చి నెత్తురు చూసేది అందుకే, కంగారుపడకండి. చలికి మందు తల్లి రొమ్మే. 1978లో కొలంబియా దేశంలోని బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక, పసికందులను తల్లుల గుండెకు ఆనించి కట్టించే పద్ధతి మొదలుపెట్టారు. నేడు దాన్ని కంగారూ పద్ధతి అంటున్నారు. తండ్రి రొమ్మైనా పనికివస్తుంది, సిగ్గుపడకపోతే! నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేయాలని పట్టుపట్టే పెద్దలకు మాత్రం నయాన నచ్చజెప్పుకోవాలి. తేనె నాకించడం ఏడాది నిండేదాకా అసలే వద్దు.

చిన్న బిడ్డ రెండు గుక్కలు తాగి నిద్రపోతుంది. కడుపు నిండి కాదు, అలసిపోయి. అటువంటప్పుడు తల్లిపాలు పిండి కొద్దికొద్దిగా పట్టాలి. దానికి ఆసుపత్రులలో నర్సులు తెచ్చే పరికరం ఏమిటనుకున్నారు? ముక్కున్న మన ఉగ్గుగిన్నే, స్టీలుది. ఆముదమూ వసా పోయి అందులోకి తల్లిపాలు వచ్చాయి. వాడిన ప్రతిసారీ నీళ్ళలో మరిగించడం మరవకండి.