అడవి సరుకును బేరమాడి కొనవచ్చునా?

నాంపల్లిలో జనవరి మాసమున నుమాయిష్‌కు వెళ్లినప్పుడెల్లా గిరిజన సహకార సంస్థ దుకాణము వద్ద కొంతసేపు నిలుచుందును. తేనె, కుంకుడుకాయలు కొనవచ్చిన గృహిణులు తరచు అడుగు మాట ఒకటే: "బేగంబజారులో ఇంతకంటె చవుక కదా?" దానికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

అడవి సరుకు మరీ చవుకగా దొరికినచో రెండు అనుమానములు కలుగవలెను. ఆ సరుకు వేరొకటి అయి ఉండవచ్చును. లేదా సేకరించిన వానికి కష్టఫలము దక్కకపోయి ఉండవచ్చును.

మొదటిదానికి నా అనుభవమే సాక్ష్యము. చాలా ఏండ్ల క్రిందట ఆబిడ్స్ సమీపమున ఒక దుకాణములో అశోకపట్ట కొని, కషాయము కాచి ఒక రోగిణికి ఇచ్చితిని. రెండు మాసములైనను గుణము కనబడలేదు. మిగిలిన పట్టను పరిశీలింపగా అది వీధుల వెంట నాటెడి నరమామిడి పట్ట! చవుక అని చూడక కొన్న దోషము నాది. తేనె సంగతియు అంతే. నీటిలో చుక్క వేయుట, వత్తి ముంచి వెలిగించుట వంటి ఇంటి పరీక్షలతో నేటి చక్కెర పాకముల కల్తీ బయటపడదు.

రెండవది మరింత బరువైనది. నల్లమల చెంచులు కొండచరియపై త్రాటితో దిగి తేనెపట్టు తీయుదురు. పైన త్రాడు పట్టువాడు బావమరది. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆతని చేతిలో ఉన్నవి కదా! అట్టి తేనెకు మనము పది రూపాయలు తగ్గించుమని అడుగుచున్నాము. ధర తగ్గినకొలది సేకరించువాడు ఎక్కువ తేవలసివచ్చును. అప్పుడు ఉసిరికొమ్మ నరుకుట, పండని కాయ దులుపుట, బంక కొరకు తపసిచెట్టుకు లోతుగా గాటు పెట్టుట తప్పవు. చెట్టు చచ్చినచో మనకు మందు లేదు, వానికి కూడు లేదు.

వేళ్లను గ్రీష్మమున గాని శిశిరమున గాని, పట్టను శరత్తులో, పూలను పండ్లను వాని వాని ఋతువులందు సేకరింపవలెనని చరకసంహిత కల్పస్థానము విధించినది. గురుకులములో ఒకసారి ఉసిరికొమ్మ విరిచినందుకు మా గురువుగారు ఆ వేసవియంతయు నాచేత ఆ చెట్టుకు నీరు మోయించిరి. ఆ పాఠము నేటికిని మరువలేదు.

దళారుల దోపిడిని అరికట్టుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ వెలసినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరు సంస్థ ఉన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్య హక్కును అడవిని నమ్ముకొన్నవారికే ఇచ్చినది. సంస్థ ఉన్నంత మాత్రమున అంతయు సవ్యమని అనను. సంతలో తూకము, చెల్లింపు సరిగా ఉండునట్లు ప్రభుత్వము చూడవలెను. అయితే చట్టము హక్కును మాత్రమే ఇయ్యగలదు. ధర ఇయ్యవలసినది కొనువారమైన మనమే.

కనుక గృహిణులకు నా మనవి: త్రిఫల చూర్ణము వలెనన్నచో కరక్కాయ, తానికాయ, ఉసిరిక విడివిడిగా కాయలే కొని, గింజ తీసి ఇంట దంచుకొనుడు. సరుకు ఏ అడవిది, ఏ ఋతువుదని అడుగుడు. సరియైన సమాధానము వచ్చినచోట బేరమాడకుడు.