పర్యావరణ విద్య: పరీక్ష కొఱకా, ప్రజల కొఱకా?

డిగ్రీ పట్టా కోరు విద్యార్థి చరిత్ర చదువువాడైనను, వాణిజ్యశాస్త్రము చదువువాడైనను, రసాయనశాస్త్రము చదువువాడైనను, పర్యావరణ పాఠమును చదివి తీరవలెనను నియమము మన దేశమున కలదు. ఇది ఏ మంత్రిగారి దయవలననో, ఏ విశ్వవిద్యాలయపు దూరదృష్టివలననో వచ్చినది కాదు. ఎం. సి. మెహతా అను న్యాయవాది వేసిన వ్యాజ్యముపై 1991 నవంబరు 22వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువలన వచ్చినది. ఆ తీర్పు వెలువడిన పిదప పండ్రెండేండ్లు ఊరక గడచినవి. 2003 డిసెంబరులో కోర్టు మరల గద్దించిన మీదట గాని యు.జి.సి. వారి పాఠ్యక్రమము కళాశాలలలో అడుగిడలేదు. మంచి పనికైనను మనవారు చీవాట్లు తినినగాని కదలరను మాటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలయును?

కాగితముపై ఆ పాఠ్యక్రమము చక్కనిదే. 8 భాగములు, 50 ఉపన్యాసములు. కడపటి భాగము తరగతి గదిలో వినునది కాదు. విద్యార్థి చెరువు కడకో, అడవికో, కాలుష్యము సోకిన చోటికో పోయి, కన్నులార చూచి వ్రాయవలసినది. 100 మార్కులలో 25 దానికే కేటాయించిరి. 2023లో యు.జి.సి. వారు మరల మార్గదర్శకములు వెలువరించి, వాతావరణ మార్పు, జీవవైవిధ్యము, వ్యర్థముల నిర్వహణ మొదలగు విషయములు ఏ శాఖ విద్యార్థికైనను బోధింపవలెననియు, ప్రత్యక్ష పరిశీలనకు చోటుండవలెననియు పలికిరి. మాటలకు లోటు లేదు. మఱి చేతల మాట ఏమి?

కొంతకాలము క్రిందట మేము ఒక కళాశాలకు ఉపన్యాసమునకై పోయితిమి. దాని పేరు చెప్పము. చెప్పిన, తక్కినవి నిర్దోషులని పాఠకులు పొరపడుదురు. అచట పర్యావరణ పరిశీలన పుస్తకములు తెప్పించి చూచితిమి. పదింటిలో తొమ్మిది అక్షరము పొల్లుపోక ఒక్కటే. కళాశాల గోడ వెనుకనే చెరువున్నది. దాని మత్తడి ఏ వైపున కలదని అడిగితిమి. ఒక్క విద్యార్థియు చెప్పలేదు. బిడ్డలను నిందింప మాకు మనసొప్పలేదు. చూపనివారి తప్పు చూడనివారిపై మోపుట న్యాయము కాదు.

ఇట్టి ఉపేక్ష ఎక్కడనైనను తప్పే. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో అది మహాపరాధము. పాఠ్యపుస్తకములలో వ్రాసినదంతయు ఇచట నేలమీద కానవచ్చుచున్నది కనుక.

భూపాలపల్లిని చూడుడు. గణపురమున కాకతీయుల నాటి గణపసముద్రము ఒక వైపు. సింగరేణి బొగ్గుగనులు వేఱొక వైపు. చెల్పూరున 1,100 మెగావాట్ల విద్యుత్కేంద్రము మఱియొక వైపు. మన దేశమున విద్యుత్తునకై కాల్చు బొగ్గు బరువులో సుమారు మూడవ వంతు బూడిదయే. ఆ బూడిద ఎచటికి పోవుచున్నదను ప్రశ్న రసాయనశాస్త్రమునది. గని కొఱకు భూమి విడిచిన రైతునకు న్యాయమైన పరిహారమెంత అనునది న్యాయశాస్త్రమునది. బొగ్గు తరిగిననాడు కార్మికుని కొడుకు ఏమి తినుననునది అర్థశాస్త్రమునది. ఈ మూడు ప్రశ్నలును ఒక్క కుటుంబమునందే పుట్టుచుండగా, మూడు శాఖలును ఒకదాని ముఖమొకటి చూడకున్న ఎట్లు?

ఆ జిల్లాలోనే మేడిగడ్డ కలదు. 2019 జూనులో ప్రారంభమైన బరాజు 2023 అక్టోబరు 21వ తేదీన స్తంభము క్రుంగినది. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థవారు ప్రణాళికయందును, రూపకల్పనయందును, నాణ్యత నిర్వహణయందును, వాడుకయందును లోపములు గలవని చెప్పిరి. రాజకీయ వాదప్రతివాదములు మా కిచట పనిలేదు. ఇసుక స్వభావమెఱిగినవాడు, లెక్క కట్టువాడు, పనిని పరిశీలించువాడు ఒకరి మాట ఒకరు వినకున్న ప్రజల ధనము నదిపాలగునను పాఠము మాత్రము మనకు చాలును.

మహబూబాబాదున 2024 సెప్టెంబరు 1వ తేదీని ఎవరు మఱువగలరు? కేసముద్రము ప్రక్కన రైలుకట్ట వరదకు కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. చెరువులు తెగినవి. పైచెరువు అలుగు క్రిందిచెరువునకు చేరు గొలుసుకట్టును కాకతీయులు కల్పించిరి. ఆ గొలుసులో ఒక్క కాలువ పూడినను, ఒక్క శిఖము కబ్జా అయినను నీరు తన దారి తాను వెదకుకొనును. శిఖము భూముల తగవులు మా వృత్తిలో నిత్యము చూచుచునే యున్నాము. 2002లో వాల్టా చట్టము వచ్చినది. 2001లో హించ్‌లాల్ తివారీ వ్యాజ్యమునందు సుప్రీంకోర్టు చెరువులను కాపాడుట అధికారుల విధి యని ఘంటాపథముగా చెప్పినది. అయినను చట్టమెఱిగినవానికి చెరువు తెలియదు, చెరువెఱిగిన నీరటికి చట్టము తెలియదు. వీరి నడుమ వంతెన కట్టవలసిన చోటు కళాశాల గాక మఱేది?

ఇక జనగామ. 1997, 1998 సంవత్సరములలో నాటి ఓరుగల్లు జిల్లా ప్రత్తిరైతులు పురుగుమందుల అప్పులకు బలియైన కథ మనకు తెలిసినదే. ఆ గడ్డమీదనే లింగాలఘనపురము మండలములోని ఏనబావి అను చిన్న గ్రామము పురుగుమందులను, రసాయనపు ఎరువులను ఊరంతయు మానివేసి దేశమునకు తెలిసినది. అచటి రైతులు కషాయములతోను, పేడతోను సేద్యము చేసి అప్పులనుండి తేఱుకొనిరి. వారికి పట్టాలు లేవు. పట్టాలు గలవారు ఏనబావికి పోయి, దిగుబడి ఎంత, వ్యయమెంత, మట్టి గుణము మారినదా యని లెక్క తీసి, మంచి చెడ్డలు నిర్భయముగా వ్రాసిన, అది కదా పరిశీలన!

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన బునియాదీ విద్య యొక్క సారమిదియే. ఒక చేతిపనిని నడుమ నుంచి గణితము, చరిత్ర, విజ్ఞానము దానిచుట్టు నేర్పుమనెను. నాడు ఆ చోట రాట్నముండెను. నేడు మన జిల్లాలలో ఆ చోట చెరువును నిలుపుదము. చరిత్ర విద్యార్థి దాని శాసనము చదువును. గణిత విద్యార్థి దాని నీరు కొలుచును. వాణిజ్య విద్యార్థి ఆయకట్టు ఆదాయవ్యయములు కట్టును. తెలుగు విద్యార్థి తూము, మత్తడి, శిఖము, పట్టుకాలువ మొదలగు మాటలు వృద్ధుల నోట విని, అవి మాయమగుటకు పూర్వమే వ్రాసికొనును.

అధ్యాపకులు చాలరని కొంద ఱందురు. నిజమే. ఖాళీలు నింపుమని మేమును గట్టిగా కోరుచున్నాము. ఉద్యోగమునకు పనికిరాని పాఠమేలయని మఱికొంద ఱందురు. బీదవాని బిడ్డకు ఉద్యోగచింత సహజము. దానిని మేము తేలిక చేయము. కాని త్రాగునీరు చెడిన ఊరిలో, వరదకు రోడ్డు తెగిన ఊరిలో, ఏ ఉద్యోగము ఎన్నాళ్లు నిలుచును? తమ శాస్త్రము పలుచనగునని పండితులు భయపడుదురు. లోతు విడువుమని మేమనము. లోతుగా త్రవ్విన బావిలో నీరున్నదా యని తొంగి చూడుమందుము.

కావున కాకతీయ విశ్వవిద్యాలయమువారికి మా మనవి ఇది. ప్రతి కళాశాలకు ఒక చెరువునో, వాగునో, గనినో అప్పగింపుడు. అన్ని శాఖలవారును కలిసి ఏటేట దాని స్థితిని తెలుగున వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఒకరిని చూచి యొకరు వ్రాసిన పుస్తకమునకు సున్న వేయుడు. ఈ పనికి కోట్లు అక్కఱలేదు, సంకల్పము చాలును.

విశ్వవిద్యాలయము వెలసిన 1976వ సంవత్సరముననే, అడవులను, చెరువులను, నదులను కాపాడుట ప్రతి పౌరుని విధి యని రాజ్యాంగమునందు 51-ఎ అధికరణము చేర్చిరి. ఆ రెండింటిని ఇంతవఱకు వేఱు వేఱుగా నుంచితిమి. ఇకనైనను కలుపుదము. మొక్కై వంగనిది మానై వంగునా? నేడు కట్టమీద నడువని విద్యార్థి రేపు అధికారియై చెరువునకు పట్టా వ్రాసియిచ్చిన, ఆ దోషము వానిదా, మనదా? పఠనాలయమున ఈ పత్రిక చదువు పెద్దలు తమ ఊరి కళాశాలకు పోయి, మీ విద్యార్థులు ఈ యేడు ఏ చెరువు చూచిరని ఒక్క మాట అడుగుదురు గాక.