ఒక్కరు మేలుకొని వుంటే

ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నిప్పు ఎలా పుట్టింది? ఇక తలకొక మాట! ఎవరి ఊహ వారికి ముద్దు.

2019 సెప్టెంబరు 2వ తేదీన, అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన, శాంటాక్రూజ్ ద్వీపం పక్కన లంగరు వేసివున్న ‘కన్సెప్షన్’ అనే పడవ తెల్లవారుజామున మూడు గంటల వేళ తగలబడింది. సముద్రంలో మునిగి అడుగున వింతలు చూడాలని సరదాపడి వచ్చినవారు 33 మంది, సిబ్బంది ఆరుగురు. ప్రయాణీకులలో ఒక్కరూ మిగలలేదు. సిబ్బందిలో ఒకరితో కలిపి 34 మంది చనిపోయారు. కెప్టెనూ, మరి నలుగురూ బయటపడ్డారు.

కారణం ఏమై వుంటుంది? పైన హాలులో కెమేరాలకూ, ఫోనులకూ ఛార్జింగు పెట్టి పడుకొన్నారు, ఆ లిథియం బ్యాటరీలే అంటుకున్నాయన్నారు కొందరు. పడవలోని కరెంటు తీగలను అనుమానించారు మరికొందరు. ఎవరో ఆర్పకుండా పారేసిన సిగరెట్టు కావచ్చునన్న మాటా వచ్చింది. మెట్లకింది ప్లాస్టిక్ చెత్తబుట్టలో మంట మొదలైందని 2023లో పత్రికలకెక్కిన ఒక నివేదిక చెప్పింది. సరే, ఆ బుట్టలో నిప్పు పడిందెలా? మళ్ళీ మొదటికే వచ్చాం!

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఏడాదికి పైగా విచారించి, నిప్పురవ్వ ఎక్కడిదో తేల్చలేకపోయింది. కాని ఇంతమంది చావుకు కారణం మాత్రం 2020లో స్పష్టంగా చెప్పింది. ప్రయాణీకులు నిద్రపోతున్న వేళ సిబ్బందిలో ఒకరు మేలుకొని పడవంతా తిరుగుతూ కాపలా కాయాలని నిబంధన వున్నది. ఆ రాత్రి ఆరుగురూ పడుకొన్నారు! యజమానులు ఆ నిబంధన అమలవుతున్నదో లేదో చూడలేదు.

మరొక సంగతి వినండి. కింద పడకగదినుంచి పైకి రావటానికి దారులు రెండు: ముందు మెట్లు, వెనుక ఒక చిన్న కంత. రెండూ తేలేది ఆ హాలులోకే! మంటలున్నదీ అక్కడే. ఆ హాలులో పొగను పసికట్టి మోగే గంట కూడా లేదు. వుండాలని ఆనాటి నిబంధనలు కోరలేదు.

కర్తవ్యం మరచినందుకు కెప్టెనును 2023లో జ్యూరీ దోషి అన్నది. 2024లో నాలుగేళ్ళ శిక్ష పడింది. పోయినవారు రారు గదా!

నిప్పుకు వంద సాకులు. అన్నిటినీ ముందుగా కనిపెట్టటం ఎవరి తరమూ కాదు. అది రాజుకున్నప్పుడు చూచే కన్ను ఒకటి వుండాలి. వెనుకటి రోజుల్లో ఇంటి పెద్దావిడ పొయ్యిలో నిప్పు చల్లారిందో లేదో చూడనిదే నడుం వాల్చేది కాదు. మనమో, ఫోనును రాత్రంతా ఛార్జింగులో వుంచి, తలగడ పక్కనే పెట్టుకొని పడుకొంటున్నాం.

ఈసారి పిల్లలతో రాత్రి పడవ ఎక్కినా, లాడ్జీలో దిగినా రెండు మాటలు అడగండి: రాత్రి మేలుకొని వుండేదెవరు? రెండో దారి ఎటు పోతుంది? అడిగినందుకు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.