అండ్ అంటే మరియు కాదు

ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు పిల్లవాడికి మొదటి ఏడాదే ఒక పట్టిక అందుతుంది. అండ్ అంటే మరియు, బట్ అంటే కానీ, వెరీ అంటే చాలా, మాట చివర "లీ" ఉంటే తెలుగులో "గా". ఈ పట్టిక కంఠస్థమైతే ఆంగ్ల వ్యాకరణంలో సగం గట్టెక్కినట్లేనని పెద్దలు సంతోషిస్తారు. ముప్పయి ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేస్తూ, పక్క తరగతి గదిలో ఈ వల్లెవేత వింటూ వచ్చిన నా అభిప్రాయం వేరు. దీనివల్ల పిల్లలకు ఇంగ్లీషు రావడం ఆలస్యమవుతున్నది. తెలుగు పోవడం మాత్రం త్వరగా జరుగుతున్నది.

ముందు "అండ్" సంగతి చూద్దాం. సంస్కృతంలో "చ" అనే చిన్న అవ్యయం ఉన్నది. ద్వంద్వ సమాసాన్ని విధించే పాణిని సూత్రాన్ని వివరిస్తూ వ్యాఖ్యాతలు దానికి నాలుగు అర్థాలు విడదీశారు: సముచ్చయం, అన్వాచయం, ఇతరేతరయోగం, సమాహారం. చదువుకొనే రోజుల్లో ఇవి నోటికి వచ్చేవి గాని, వీటి ప్రయోజనం నాకు నిజంగా బోధపడింది ఇంగ్లీషు వాక్యాల్లోనే. అన్వాచయంలో ఒక పని ముఖ్యం, రెండవది దాని వెంట జరిగితే జరుగుతుంది. భిక్షకు వెళ్ళమని, పనిలో పనిగా ఆవును తోలుకు రమ్మని శిష్యుడికి చెప్పడం దీనికి పాత ఉదాహరణ. "గో టు ది పోస్టాఫీస్ అండ్ గెట్ సమ్ బనానాస్" అని ఇంట్లో అన్నప్పుడు ఆ అండ్ అన్వాచయమే. అరటిపళ్ళు దొరక్కపోయినా ఫరవాలేదు, ఉత్తరం మాత్రం పోస్టులో పడాలి.

సమాహారం ఇంకా ముచ్చటైనది. "బ్రెడ్ అండ్ బట్టర్ ఈజ్ మై బ్రేక్‌ఫాస్ట్" అన్నచోట వస్తువులు రెండు, క్రియ ఏకవచనం. రెండూ కలిసి ఒకే ఆహారమైపోయాయి. అవే రెండూ బల్లమీద విడివిడిగా ఉంటే "ది బ్రెడ్ అండ్ ది బట్టర్ ఆర్ ఆన్ ది టేబుల్" అంటారు, అది ఇతరేతరయోగం. మన ఇళ్ళలోనూ అంతే కదా! పప్పూ అన్నమూ వడ్డించి ఉన్నాయి. కలిపిన తర్వాత పప్పన్నం రుచిగా ఉన్నది. ఈజ్ ఎక్కడ, ఆర్ ఎక్కడ అని తికమకపడే పిల్లవాడికి పప్పన్నం చూపిస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఈ నాలుగింటికీ లొంగని అండ్‌లు కూడా ఉన్నాయి. "కమ్ అండ్ సిట్" అంటే వచ్చి కూర్చో. అది మన క్త్వార్థకం. "వర్క్ హార్డ్ అండ్ యు విల్ పాస్" అంటే కష్టపడితే పాసవుతావు, అది చేదర్థకం. ఆ వాక్యంలో అండ్ ఉన్నా దాని అర్థం "ఇఫ్". వీటన్నిటినీ మించినది "ది రూమ్ ఈజ్ నైస్ అండ్ వార్మ్". ఇక్కడ గదికి రెండు గుణాలు చెప్పడం లేదు. వెచ్చదనం హాయిగా ఉన్నదని చెబుతున్నారు. నైస్ అనే విశేషణం అండ్‌ను ఊతంగా చేసుకొని క్రియావిశేషణం చేయవలసిన పని చేసింది. మూడు భాషాభాగాలు మూడు మాటల్లో ఇంత దగ్గరగా వచ్చి, ఒకదాని పని ఒకటి అందుకోవడం చూస్తే వ్యాకరణం చదివినవాడికి ముచ్చట వేయక మానదు. తెలుగులో "గది వెచ్చగా, హాయిగా ఉంది" అంటాం, మధ్యలో ఏ ముడీ అక్కరలేదు. పట్టిక ప్రకారం పోతే "గది మంచిది మరియు వెచ్చనిది" అని వస్తుంది. అద్దెకివ్వడానికి ఇచ్చిన ప్రకటన అనుకుంటారు.

మరియు అనే మాట మీద నాకు ద్వేషం లేదు. అది నిన్నమొన్న పుట్టినదీ కాదు. పాత కావ్యాల్లో పద్యానికీ పద్యానికీ నడుమ "మఱియు" అని కనిపిస్తూనే ఉంటుంది. ఇంకా వినండి, కథ అయిపోలేదు అని దాని భావం. అంత పెద్దరికం గల మాటను తెచ్చి "స్త్రీలు మరియు పిల్లలు" అని రెండు నామవాచకాల నడుమ కాపలా నిలబెట్టడమే నాకు నచ్చనిది. తెలుగు రెండు నామాలను కలపాలంటే చివరి అచ్చును సాగదీస్తుంది: అన్నా తమ్ముడూ. లేదా సమాసం చేస్తుంది: అన్నదమ్ములు. రెండు క్రియలను కలపాలంటే మొదటిదాన్ని అసమాపకం చేస్తుంది. ఇవాళ పిల్లల నోటుపుస్తకాల్లో "నేను లేచాను మరియు పళ్ళు తోముకున్నాను మరియు బడికి వెళ్ళాను" అని చదువుతున్నాను. "లేచి, పళ్ళు తోముకొని, బడికి వెళ్ళాను" అనే వాక్యం వాళ్ళ నోట ఉన్నది, కలంలోకి రావడం లేదు.

ఇక లీ, గా. పట్టిక మొత్తంలో ఎక్కువ చేటు చేసేది ఈ జంటే. "ఆమె అందంగా పాడింది" అన్నచోట గా ఉన్నది, ఇంగ్లీషులో లీ ఉన్నది, లెక్క సరిపోయింది. "టీ వేడిగా ఉంది" అన్నప్పుడో? అక్కడా గా ఉన్నది, కాని ఇంగ్లీషువాడు "హాట్" అని ఊరుకుంటాడు, హాట్లీ అనడు. ఉండు ధాతువుకు ముందు మన గా వాళ్ళ విశేషణంతో సమానం. తక్కిన క్రియలకు ముందు సాధారణంగా వాళ్ళ క్రియావిశేషణంతో సమానం. ఈ ఒక్క తేడా చెప్పకుండా లీ నేర్పడం అన్యాయం. పైగా ఫ్రెండ్లీ వంటివి లీ తగిలించుకొని కూడా విశేషణాలుగానే ఉంటాయి. హార్డ్, హార్డ్లీల మధ్య బంధుత్వమే తెగిపోయింది. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఉద్యోగానికి రాసిన దరఖాస్తు తెచ్చి చూపించాడు. అందులో "ఐ వర్క్ హార్డ్లీ" అని ఉన్నది. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి, పని దాదాపు చేయనని స్వహస్తాలతో రాసి ఇచ్చాడు. అదే వాక్యంతో అప్పటికి నాలుగు చోట్లకు దరఖాస్తులు వెళ్ళిపోయాయట. ఎక్కడినుంచీ పిలుపు రాలేదు.

వెరీ, టూల విషయం త్వరగా చెప్పుకోవచ్చు. టూ అంటే మన "మరీ". సినిమా "టూ గుడ్" అని మెచ్చుకొనేవారు "అతడు మరీ మంచివాడు" అనే మాటను ఒకసారి పలికి చూడాలి. మెచ్చుకోలుతో పాటు కొంత జాలి కూడా వినిపిస్తుంది.

దో, బట్ రెండూ ఒకే వాక్యంలో వేయడం మనవాళ్ళకు బాగా అలవాటు: "దో ఇట్ వజ్ రెయినింగ్, బట్ హి కేమ్". ఇది పట్టిక చేసిన తప్పు కాదు. "ఎంత చెప్పినా గానీ వినడు" అని మాటల్లో మనం రెండు ముళ్ళు వేస్తాం, అదే అలవాటు ఇంగ్లీషులోకి నడిచింది. "వాన కురుస్తున్నా వచ్చాడు" అనే వాక్యంలో నా అన్న దీర్ఘమే దో. అది వేసిన తర్వాత కానీతో పని లేదని తెలుగు గంటలోనే చెప్పవచ్చు.

ఇంగ్లీషు పాఠంలో తెలుగు వినిపించకూడదని వాదించే ఉపాధ్యాయులున్నారు. వారి మాటలో కొంత న్యాయం ఉన్నది, వినికిడి లేనిదే భాష రాదు. కాని పిల్లవాడి తలలో తెలుగు ఎలాగూ మోగుతూనే ఉంటుంది. దాన్ని పనిలో పెట్టుకోవడమే తెలివి. 2020-21లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. మాధ్యమం మీద ఎవరి వాదన వారిదే గాని, వ్యాకరణం చెప్పడానికి ఇంతకంటె మంచి సాధనం నాకు కనిపించలేదు. ఇంగ్లీషు పంతులూ తెలుగు పంతులూ ఒకే పుస్తకం తెరిచి పక్కపక్కన నిలబడితే చాలు. నా ఎరుకలో అలా నిలబడ్డవారు లేరు.

సాయంత్రాలు మా వీధి పిల్లలు నలుగురైదుగురు వస్తారు. ఇంగ్లీషు పుటలో అండ్ కనిపించినచోటల్లా గీత గీసి, దానిపైన తెలుగు ముడి ఏదో రాయమంటాను. మరియు రాయకూడదన్నది ఒక్కటే షరతు. మొన్న ఏడవ తరగతి అమ్మాయి "ట్రై అండ్ ఫైండ్ అవుట్" దగ్గర ఆగింది. "ప్రయత్నించి కనుక్కో" అంటే పూర్తిగా కుదరలేదు. "కనుక్కోవడానికి ప్రయత్నించు" అంటే పాఠ్యపుస్తకంలా ఉన్నదన్నది. నేను తుమున్నర్థకం గురించి చెప్పబోతుండగానే గీత పైన రాసేసింది: "కనుక్కో, చూద్దాం."